ముద్ర పడిన రొట్టె

వియామ్ ఆ రొట్టెను తెచ్చి తల్లి ముందు పీట మీద పెట్టింది. పెట్టి, కూర్చోకుండా అలాగే నిలబడింది.

తూరియా వాకిట్లో బాసింపట్టు వేసుకుని పచ్చి ఆలివ్ కాయలు రాయితో చితక్కొడుతోంది. తల ఎత్తలేదు. ఎత్తి చూడాల్సిన పని లేదు. రొట్టె నడిమధ్య తాళంచెవి ఆకారంలో నొక్కు, దాని కింద మూడు పోట్లు. మొరాకోలోని సెఫ్రూ ఊళ్ళో ఆ సందు మొత్తానికి ఇంటికో గుర్తు. ఆడవాళ్ళు పిండి తట్టి, గుర్తు వేసి, పలక మీద పెట్టి వీధి బట్టీకి పంపితే, బట్టీ హమ్మూ కాల్చి, గుర్తు చూసి, ఎవరివి వాళ్ళకి వేస్తాడు. తాళంచెవి తూరియా అత్తగారి నాటి నుంచీ ఈ ఇంటిది.

“ఎక్కడిది?” అంది, ఏమీ ఎరగనట్టు.

“కుళాయి పక్క గూట్లోది.”

రాయి గాల్లోనే ఆగిపోయింది.

నేల మీద రొట్టె ముక్క పడి కనిపిస్తే ఆ సందులో ఎవరూ దాటిపోరు. తీసి, ముద్దుపెట్టుకుని, కాలికి తగలకుండా ఆ గూట్లో పెడతారు. పిట్టలు తింటాయి. మనుషులు తినే రొట్టె అక్కడ ఉండదు.

“కింద గుడ్డ పరిచి మరీ పెట్టిందావిడ. నీలం కుట్టు గుడ్డ. ముద్ర పైకి ఉండేలా. పొద్దున్నుంచీ నీళ్ళకొచ్చినవాళ్ళు, బట్టీకి పోయేవాళ్ళు అందరూ చూశారు. ఒక్కరూ ముట్టుకోలేదు. చివరికి నేనే తెచ్చా.”

తూరియా ఇలా అవుతుందనుకోలేదు. ఆ లల్లా ఘీతా ముసల్ది తలుపులు వేసుకుని, రొట్టె తుంచబోయి, గుర్తు చూసి, మింగలేక కక్కలేక తన గదిలో తను కుళ్ళి కుళ్ళి ఏడుస్తుందనుకుంది. నిన్న సాయంత్రమంతా ఆ ఏడుపునే తలుచుకుంటూ చంటివాణ్ణి జోకొట్టింది. ఎన్నాళ్ళకో హాయిగా అన్నం సయించింది. లల్లా ఘీతా లాంటి మనిషి, దానపు రొట్టె తింటున్నది నేనేనని తన గుడ్డతో తనే వీధికి చాటుకుంటుందని కలలో కూడా అనుకోలేదు.

“మరి బుట్టలు?” అంది మెల్లిగా.

వియామ్ భుజం మీది సంచీ మూతి విప్పి చూపించింది. గుర్తు లేని నున్నటి రొట్టెలు, ఒక్కటి తగ్గకుండా అన్నీ అందులోనే ఉన్నాయి.

పోయిన రంజాన్‌లో వియామ్, ఆమె ఈడు పిల్లలు మరికొందరు కలిసి మొదలుపెట్టిన పని అది. ప్రతి ఇల్లూ ఒక రొట్టె ఎక్కువ తట్టాలి, దానికి గుర్తు వెయ్యకూడదు. లేని ఇంటివాళ్ళు సాయంత్రం నమాజు అయ్యాక తలుపు ఓరగా తీసి, గుమ్మం లోపల ఖాళీ బుట్ట పెట్టాలి. పిల్లలు లోపలికి చూడకుండా గుడ్డలో చుట్టిన రొట్టె పెట్టి, ఉతకాల్సిన గుడ్డ తీసుకుని వెళ్ళిపోతారు. పెట్టినవాళ్ళకి తిన్నదెవరో తెలియదు, తిన్నవాళ్ళకి పెట్టిందెవరో తెలియదు. మోసే పిల్లలకి తెలుసు, వాళ్ళు నోరు విప్పబోమని ఒట్టేసుకున్నారు. మొదట్లో నవ్వినవాళ్ళే తర్వాత తర్వాత అడక్కుండానే ఒక రొట్టె ఎక్కువ తట్టడం మొదలుపెట్టారు. రంజాన్ వెళ్ళింది, చెర్రీలు వెళ్ళాయి, ఆలివ్ కోతలొచ్చాయి. పిల్లలు మానలేదు.

ఈ సాయంత్రం సందులో ఒక్క తలుపూ ఓరగా లేదు.

“నువ్వే వేశావు,” అంది వియామ్. అడిగినట్టు కాదు.

దాచి లాభం లేదు. ఉతికిన గుడ్డల్లో రొట్టెలు చుట్టి పంచేది ఈ వాకిట్లోనే. పోయిన వారం బుట్టల గుడ్డలు ఉతుకుతుంటే నీలం కుట్టు గుడ్డ చేతికి తగిలింది. ఏళ్ళ తరబడి లల్లా ఘీతా ఇంట్లో తను ఉతికి, గంజి పెట్టి, మడత పెట్టిన గుడ్డ. కొడుకులిద్దరూ మొహం చాటేశారని విన్నది గానీ, పరిస్థితి ఇంతదాకా వచ్చిందని ఆ గుడ్డ చెప్పేదాకా తెలియలేదు. వియామ్ పరిగెత్తుకొచ్చి లాక్కుంది, కానీ అప్పటికే ఆలస్యమైంది. నిన్న పిల్లలు చేతులు కడుక్కుంటున్నప్పుడు, తూరియా తనే ఆ గుడ్డలో తన రొట్టె పెట్టింది, ముద్ర కిందికి ఉండేలా.

“వేశాను. ఇంకా లోతుగా నొక్కాల్సింది.”

మూల కూర్చుని మొగుడు లర్బీ గాడిద జీను కుడుతున్నాడు. ఇంట్లో మాటలు పెరిగితే అతని సూది జోరందుకుంటుంది. నోరు మాత్రం తెరవడు.

“ఆవిడ దగ్గరికి వెళ్ళమ్మా. ఒక్క మాట చెప్పు.”

“ఏమని?”

“తప్పయిందని.”

తూరియా నవ్వింది. ఆ నవ్వుకి ఉయ్యాల్లో చంటి ఇల్యాస్ ఉలిక్కిపడి దగ్గాడు. లేచి వెళ్ళి వాడి నుదురు తడిమి చూసింది. పొద్దుటి మీద కాస్త వెచ్చగా ఉన్నట్టనిపించింది. మళ్ళీ తడిమింది. కాదేమో, తన చెయ్యే కాలుతోందేమో.

వాడి వైపు చూస్తూనే మాట్లాడింది. ఆ ఇంట్లో ఎంత చాకిరీ చేసిందో, ఆ ముసల్దాని కూతురి పెళ్ళినాడు వెండి పన్నీరుబుడ్డి కనపడకపోతే ముందు ఎవరి పేరు వచ్చిందో, ఆడపెళ్ళివాళ్ళూ మగపెళ్ళివాళ్ళూ చూస్తుండగా వాకిట్లో నిలబెట్టి ఎలా సోదా చేయించిందో అన్నీ చెప్పింది. ఆ రోజు తర్వాత ఈ ఊళ్ళో ఏ ఇల్లూ పనికి పిలవలేదు. ఊరి స్నానశాల హమామ్‌లో పక్కన కూర్చుంటే ఆడవాళ్ళు తమ మూట దగ్గరికి లాక్కునేవాళ్ళు. అత్తగారు కన్ను మూసేదాకా కోడలు దొంగో కాదో తేల్చుకోలేకపోయింది.

“నీకవన్నీ తెలియవులే. చిన్నపిల్లవి.”

“తెలుసు. నీ అంగీ పట్టుకుని నుంచున్నా. నీ జడ విప్పి వెతికారు. అంత బుడ్డి జడలో ఎలా పడుతుందా అని ఆలోచిస్తూ నుంచున్నా.”

తూరియా ఉయ్యాల వైపు నుంచి ఇటు తిరిగింది. ఇన్నేళ్ళలో ఈ పిల్ల ఒక్కసారీ ఆ ఊసెత్తలేదు.

“అందుకే ఈ పని పెట్టుకున్నా,” అంది వియామ్. “ఎవరికీ ఎవరి ముందూ అలా నిలబడే గతి పట్టకూడదని. నువ్వు నా చేత్తోనే ఆవిడ జడ విప్పించావు.”

లర్బీ సూది ఆగింది.

అప్పుడే గుమ్మంలో యాసిర్ కనిపించాడు. నూగు మీసం ఇప్పుడిప్పుడే వస్తున్న పొడుగు కుర్రాడు, రొట్టెలు పంచే పిల్లల్లో ఒకడు. మామూలుగా అయితే ‘పిన్నీ, టీలో పుదీనా వేశావా, తోటే వేశావా’ అంటూ చొరవగా లోపలికొచ్చేవాడు. ఇవాళ గడప దాటలేదు. నేల చూపులు చూస్తూ చెప్పాడు. ఇవాళ ముద్ర వేసినవాళ్ళు రేపు పేర్లు కూడా చెప్తారని జనం భయపడుతున్నారట. ముద్ర వేసిన మనిషీ, లల్లా ఘీతా, ఇద్దరూ ఒకచోట కూర్చుని ఒక రొట్టె తిని రాజీపడేదాకా తలుపు తియ్యబోమని పెద్దవాళ్ళు తేల్చేశారట. నేతపని చేసుకునే రహ్మా, మొగుడు పోయి పిల్లలతో ఉంటున్న మనిషి, పలకరించబోతే తలుపు వేసేసుకుందట. లోపల పిల్లలు ఏడుస్తున్నారట.

“రేపట్నుంచి రొట్టెలు మీ ఇంట్లో పంచం పిన్నీ,” అన్నాడు. “వియామ్, ఒకసారి బయటికి రా.”

తలుపు దగ్గరికి వేసి మాట్లాడుకున్నారు. తూరియాకి మాటలు అందలేదు. కూతురి గొంతొక్కటే సన్నగా చాలాసేపు వినిపించింది. తర్వాత అడుగుల చప్పుడు దూరమైంది.

వియామ్ లోపలికొచ్చింది. భుజం ఖాళీగా ఉంది.

“సంచీ ఏదే?”

“వాళ్ళకిచ్చేశా.”

గోడ వైపు తిరిగి పడుకుంది. లర్బీ జీను పక్కన పెట్టి భార్య మొహంలోకి చూశాడు.

“గెలిచావా?” అన్నాడు.

*

మర్నాడు పిండి కలిపి, తట్టి, పలక మీద గుడ్డ కింద రొట్టెల్ని పొంగనిచ్చింది తూరియా. వియామ్ తెల్లారగానే ఎటో వెళ్ళిపోయింది. గుర్తు వెయ్యడానికి తాళంచెవి చేతిలోకి తీసుకుందో లేదో, తలుపు మీద కర్ర చప్పుడైంది.

లల్లా ఘీతా. పెట్టె అడుగునుంచి తీసిన మడతలు అలాగే ఉన్న జెల్లాబా అంగీ వేసుకుని, రమ్మనకుండానే లోపలికొచ్చి, కూర్చోమనకుండానే కూర్చుంది. అన్నేళ్ళ తర్వాత ఆ మనిషిని అంత దగ్గరగా చూడటం. చెంపలు లోపలికి పోయాయి. చూపు మాత్రం అదే, దుమ్ము కోసం వెతికే చూపు.

ఉయ్యాల వైపు చూసింది. “పళ్ళొస్తున్నాయా?”

“ఊఁ.”

“జీలకర్ర కాచి పట్టు.”

అది సరైన మాటేనని తూరియాకి తెలుసు. అందుకే మరింత మండింది.

“ఆ రొట్టె ఉందా? పిట్టలేమీ కొట్టెయ్యలేదుగా.”

“ఉంది.”

“తీసుకురా. నూనె కూడా. ఈ ఏటి నూనె తీశారని విన్నా.”

గడప లోపలికొచ్చి రొట్టె అడిగిన మనిషిని కాదనడం ఆ ఊళ్ళో ఎవరివల్లా కాదు, పగవాళ్ళనైనా సరే. తూరియా రొట్టె, నూనె గిన్నె తెచ్చి పెట్టింది. గిన్నె పెట్టిన చప్పుడు మాత్రం దాచుకోలేదు.

ముసలావిడ బిస్మిల్లా అనుకుని, సరిగ్గా ముద్ర మీద బొటనవేళ్ళు ఆన్చి తుంచింది. తాళంచెవి రెండు ముక్కలైంది. ఎండిన ముక్కని నూనెలో నాననిచ్చి, మిగిలిన పళ్ళతో నెమ్మదిగా నమిలింది.

“ఉప్పు తక్కువ. నా ఇంట్లో చేసినప్పుడు బాగా చేసేదానివి.”

“మీ ఇంట్లో ఉప్పు మీది. కసి కూడా మీదే.”

“అవుననుకో.” ఇంకో ముక్క ముంచింది. “నీ కూతురు పొద్దున్నే నా గుమ్మంలో నిలబడింది. ఆ ముద్ర తనే వేశానంది. నిన్న ఆ పిల్లల ముందు కూడా అలాగే చెప్పిందట. వాళ్ళు దాన్ని పనిలోంచి తీసేశారు.”

తూరియా పలక అంచు గట్టిగా పట్టుకుంది. నిన్న తలుపవతల సన్నగా వినిపించిన గొంతు, ఖాళీ భుజం, గోడ వైపు తిరిగిన వీపు అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి.

“అది అబద్ధం.”

“తెలుసు. దానికి ఆడటం కూడా రాదు. కాళ్ళ వంక చూసుకుంటూ చెప్పింది. అయినా ఆ తాళంచెవి ఎంత లోతుకి దిగిందో చూడలేదా నేను. పదిహేనేళ్ళ పిల్ల చేతికి అంత మంట ఎక్కడిది.”

నూనె గిన్నె అంచు మీద ఈగ వాలితే ముసలావిడ చేత్తో తోలింది.

“పన్నీరుబుడ్డి దొరికింది,” అంది, వేళ్ళు తుడుచుకుంటూ, ఉల్లిపాయల ధర చెప్పినట్టు.

తూరియా వినలేదేమోనన్నట్టు ఆగి, మళ్ళీ చెప్పింది. దొరికి చాలా కాలమైంది. పెళ్ళి అయిన మరుసటి ఏడే. పెళ్ళికి ముందు, మెక్నెస్ పట్నంలో ఉన్న చెల్లెలి ఇంట్లో శుభకార్యానికి సామాన్లు అరువిచ్చింది. పెళ్ళిళ్ళప్పుడు వెండి ఏ ఇంటి నుంచి ఏ ఇంటికి తిరుగుతుందో ఎవరికి గుర్తుంటుంది. చెల్లెలు మూట తిప్పి పంపితే తువ్వాళ్ళ మడతల్లో ఉంది. ఇచ్చిన సంగతి తనే మర్చిపోయింది.

హమామ్‌లో దగ్గరికి లాక్కున్న మూటలు తూరియా కళ్ళ ముందు కదిలాయి. చివరి రోజుల్లో నీళ్ళు పట్టబోతే అత్తగారు చూసిన చూపు కదిలింది.

“ఎవరికీ చెప్పలేదేం?”

“చెప్పి ఎక్కడ తల పెట్టుకోను? నీ జడ విప్పించింది నేనేగా.”

“మరి ఇప్పుడెందుకు చెప్తున్నారు?”

లల్లా ఘీతా అప్పుడు నవ్వింది. ఆ నవ్వులో దీనత్వం లేదు, జాలీ లేదు.

“నువ్వు నా రొట్టెలో ఒకటి పెట్టి పంపావు. నేను మింగుతున్నా. నేనొకటి తెచ్చి నీ గుండెలో పెట్టా. నువ్వు మింగు. నీ ఇంట్లో కూర్చుని నీ రొట్టె తిన్నా. రొట్టె ముందు చెప్పుకున్న మాట గడప దాటకూడదు. నువ్వు దొంగవి కావని నాకు తెలుసు, ఇప్పుడు నీకూ రుజువు తెలుసు. మూడో మనిషికి చెప్పలేవు. నేను బతికున్నన్నాళ్ళూ చెప్పలేవు.”

ఇంకో ముక్క నోట్లో పెట్టుకుంది.

తూరియా అరచెయ్యి విప్పి చూసుకుంది. పిడికిలి ఎప్పుడు బిగించిందో తెలియదు. తాళంచెవి చర్మంలోకి దిగి ఎర్రగా అచ్చు పడింది. ఆ అచ్చు వంక చూస్తూ, ఈ ఊళ్ళో పిల్లలకి కూడా తెలిసిన సంగతి ఒకటి గుర్తు చేసుకుంది. మాట కట్టుబడాలంటే ఒకరు తింటే సరిపోదు. ఒకే రొట్టె ఇద్దరూ తినాలి.

“తిన్నది నువ్వు,” అంది. పుట్టి బుద్ధెరిగాక ఆ మనిషిని నువ్వు అనడం అదే మొదలు. “నేనింకా ముట్టలేదు.”

ముసలావిడ దవడ ఆగిపోయింది.

తాళంచెవి పీట మీద పడేసి, గుర్తు వెయ్యని రొట్టెల పలక అలాగే నెత్తికెత్తుకుంది తూరియా. పెరట్లోంచి లర్బీ వచ్చి, అడక్కుండానే పిల్లవాణ్ణి ఉయ్యాల్లోంచి తీసుకున్నాడు.

*

ఆ వేళకి బట్టీ దగ్గర సందు సందంతా ఉంటుంది. గోడవారగా పలకలు వరసగా దింపి ఉన్నాయి. కాలిన పిండి వాసన, ఆడవాళ్ళ మాటలు. ఒక పక్క యాసిర్, మిగతా పిల్లలు గుర్తు లేని రొట్టెలు ఏరి సంచీలో వేస్తున్నారు. ఎవరి తలుపూ తీసి ఉండదని తెలిసినా వేస్తూనే ఉన్నారు. వియామ్ ఎదుటి గోడకి ఆనుకుని, తనది కాని తన సంచీ వంక చూస్తూ నిలబడింది.

తూరియా పలక దింపింది. హమ్మూ గుడ్డ తీసి, నున్నటి రొట్టెలు చూసి, ఇవెవరివన్నట్టు తలెత్తాడు.

“ఆ ముద్ర వేసింది నేను,” అంది తూరియా. “నా కూతురు కాదు. దానికి తెలియను కూడా తెలియదు. నేనే, కావాలని, ఎవరికి వెళ్తుందో తెలిసే వేశాను.”

యాసిర్ చేతిలో రొట్టె చేతిలోనే ఉండిపోయింది. వియామ్ గోడకి ఇంకా దగ్గరగా జరిగింది, ఇల్లు కూలుతుంటే చూస్తున్నదానిలా.

“బుద్ధి ఎక్కడికి పోతుంది,” అని ఎవరో ఆడమనిషి వెనక నుంచి అంది. “అప్పుడు వెండి, ఇప్పుడు పిల్లల రొట్టె.”

ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు తూరియా అటు తిరిగింది. ఇన్నేళ్ళూ మోసిన బరువు ఇంక ఒక్క మాట దూరంలో ఉంది. దించేసి, అందరి ఎదుటా, ఆ ముసల్దాని నెత్తిన పెట్టెయ్యొచ్చు.

“వెండి సంగతి కూడా ఉంది, వినండి. ఆ పెళ్ళిలో పోయిన బుడ్డి...”

కర్ర చప్పుడైంది. జనం రెండుగా చీలారు.

లల్లా ఘీతా ఆయాసపడుతూ వస్తోంది. చేతిలో నీలం కుట్టు గుడ్డ, గుడ్డలో రొట్టె ముక్క. తాళంచెవి ముద్రలో సగం దాని మీద ఉంది. నూనె గుడ్డకి అంటి మరక పాకుతోంది. వచ్చి తూరియా ఎదురుగా నిలబడి, చెయ్యి చాచింది.

“రొట్టె సగంలో వదిలేసి వచ్చావు,” అంది అందరికీ వినపడేలా. “నేను తిన్నా. నువ్వూ తిను.”

చేతికిచ్చిన రొట్టెని కాదన్నవాళ్ళు ఆ సందులో ఇప్పటిదాకా లేరు.

తింటే ఈ సాయంత్రమే తలుపులు ఓరగా తెరుచుకుంటాయి. వియామ్ సంచీ వియామ్ భుజానికి వస్తుంది. తిన్నాక మాత్రం ఆ మాట బయటపెట్టకూడదు, ముసల్ది బతికున్నన్నాళ్ళూ తూరియా ఈ ఊరికి దొంగే.

గుంపు చివర రహ్మా నిలబడి ఉంది. పెద్ద కొంగు కింద ఖాళీ బుట్ట దాచుకుందన్న సంగతి అంచు బయటికి కనపడి తెలిసిపోతోంది. ఆమె చూపు రొట్టె మీదికి, అక్కణ్ణుంచి తూరియా నోటి మీదికి పోయి వస్తోంది.

వియామ్ ముసలావిడ వంక చూడలేదు, జనం వంకా చూడలేదు. తల్లి కుడిచేతి వంకే చూస్తోంది.

తూరియా చెయ్యి చాచింది. అరచేతిలో తాళంచెవి అచ్చు ఇంకా ఎర్రగానే ఉంది. రొట్టె అందుకుంది. నోట్లో సగం మాట అలాగే ఉంది.